పనసపండ్ల కాలపు పుట్టినరోజు



కొండ క్రింద శృంగవరపుకోట ప్రాంతములో కాపురముండే మావంటి వారికి వేసవి సెలవులంటే అరకు. ఈ వేసవిలో మా ఇంట మూడు పుట్టినరోజులు వచ్చినవి. పెద్దవానికి పన్నెండు, మా అత్తగారికి డెబ్బది, చంటిదానికి రెండు. విందులకు పెట్టే ఖర్చు ప్రయాణములకు పెడదామని ఇంటిల్లిపాది తీర్మానించుకొని మూడుసార్లు కొండ ఎక్కాము. పసిబిడ్డతో ఈ కొండలు చూడదలచిన వారికి ఉపయోగపడునని ఈ సంగతులు వ్రాయుచున్నాము.

ఏప్రిల్‌లో పెద్దవాని పుట్టినరోజుకు రైలెక్కాము. ఇది కొత్తవలస–కిరండూల్ మార్గము. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవుకు, అక్కడనుండి జపానుకు చేర్చుటకై 1960వ దశకములో ఈ దారి వేశారు. దీనిలో 58 సొరంగములున్నవి. మొదటి సొరంగములో పాప కెవ్వున ఏడ్చి తల్లి ఒడిలో ముఖము దాచుకొన్నది. రెండవదానిలో ఊపిరి బిగబట్టినది. అయిదవది వచ్చేసరికి చీకటి పడగానే నవ్వుట, వెలుతురు రాగానే చప్పట్లు కొట్టుట నేర్చినది. సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఒకప్పుడు మన దేశపు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తైనదని చెప్పేవారు. అంతవరకు పోకుండ మేము బొర్రా గుహల వద్దనే దిగాము.

గుహలో మెట్లు తడిగా ఉంటవి గనుక బిడ్డను నడిపించక ఎత్తుకొనుటే మంచిది. గబ్బిలముల వాసనకు కొందరు పిల్లలు పేచీ పెడతారు. వాననీరు సున్నపురాతిని కరిగించుకొని చుక్కచుక్కగా జారి, ఆ సున్నమును కొద్దికొద్దిగా విడిచిపోవుటచేత పైనుండి ఊడలవలెను, క్రిందనుండి స్తంభములవలెను రాళ్ళు ఏర్పడినవి. సగటున అవి ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరుగునని శాస్త్రజ్ఞులందురు. పెద్దవాడు వెంటనే లెక్క కట్టి, “చెల్లి పుట్టిన తరువాత ఇది గోరంతైనా పెరగలేదు నాన్నగారూ” అన్నాడు. చెల్లి మాత్రము ఈ ఏడాదిలోనే మూడు గౌనులు పొట్టి చేసుకొన్నది! ఒక ఆవు పైనున్న కన్నములోనుండి గుహలో పడగా, వెదుక్కొంటూ వచ్చిన కాపరి ఈ చోటు కనుగొన్నాడని, అందుకే ఇక్కడి నదికి గోస్తనీ అని పేరు వచ్చినదని స్థానికుల కథ. పాపకు గుహలో నచ్చినది ఆ ఆవు ఒక్కటే. ఇంటికి చేరువరకు “అంబా ఏదీ?” అని అడుగుచునే ఉన్నది.

తిరుగు ప్రయాణము బస్సులో చేశాము. అది ఇటుకల పండుగ కాలము. చైత్రమాసములో గిరిజన గ్రామములవారు చేసుకొనే పెద్ద పండుగ ఇది. మగవారు వేటకు పోతారు, విత్తనములకు పూజ చేస్తారు. ఆడవారు రహదారికి అడ్డముగా నిలిచి పాటలు పాడి, వచ్చే పోయే బండ్లవద్ద పండుగ డబ్బులు అడుగుతారు. మా బస్సునూ ఆపారు. పాప కిటికీలోనుండి చేయి చాచి తన బిస్కెట్టు ఇచ్చినది.

మే మొదటి తేదీన అత్తగారి పుట్టినరోజు. నిజానికి ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వ్రాసుకొన్న తేదీయే నిలిచిపోయినది. ఆమెను పద్మాపురము తోటకు తీసికొని వెళ్ళాము. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకు మొదలైన తోట అది. అక్కడి బొమ్మరైలులో అవ్వ, మనుమరాలు ప్రక్కప్రక్కన కూర్చొన్నారు. 1996లో ఏర్పాటైన గిరిజన మ్యూజియము కూడ చూచి, డుంబ్రిగూడ వైపునున్న చాపరాయి వాగుకు పోయాము. బండలపై నీరు పరుపు పరచినట్టు పారుచుండును. చూచుటకు పలుచన, కాని నాచు ఎక్కువ. పిల్లల చేయి ఒక్క క్షణమైనా విడువరాదు.

చంటిదాని పుట్టినరోజు మే చివరలో వచ్చినది. అరకుకు ఆవల, రోడ్డు దిగి గంట నడవవలసిన ఒక చిన్న గ్రామములో మాకు తెలిసిన కుటుంబమున్నది. వారు ఎంతకాలమునుండో రమ్మని పిలుచుచున్నారు. రాత్రి చలికి స్వెట్టరు, మలేరియా భయమునకు దోమతెర, కాచి చల్లార్చిన నీళ్ళు పట్టుకొని వెళ్ళాము. ప్రార్థన చేసి, తెచ్చిన చిన్న కేకు కోసి, అడ్డాకులలో భోజనము చేశాము. పెరటి పనసపండు కోసి పెట్టారు.

ఆ ఇంటి ముసలమ్మ పాపను ఒడిలో కూర్చుండబెట్టుకొని, “ఈ పిల్ల ఏ పండక్కి పుట్టినాది బాబూ?” అని అడిగినది. మేము తేదీ చెప్పాము. “తేదీ నాకేటి తెలుసు బాబూ, అప్పుడు చెట్టుమీద ఏటున్నాది?” అన్నది. పనసపండ్లు అన్నాము. “అలగైతే పనసపళ్ళ కాలం పిల్ల” అని తృప్తిగా తల ఊపినది. ఆమె మనుమడు చోళ్ళ కోతలో పుట్టినాడట. ఇప్పుడు నాలుగు నిండి అయిదవ ఏడు. వాన, వాగు అడ్డుపడి తల్లిని డోలీలో రోడ్డుకు మోయలేకపోగా, ఇంటిలోనే కాన్పు అయినది. బిడ్డ బ్రతికినందుకు అందరూ సంతోషించారు గాని, పుట్టుక ఎక్కడా వ్రాయబడలేదు. ఇప్పుడు బడిలో చేర్చవలెనంటే పుట్టిన తేదీ కాగితము అడుగుచున్నారు.

ఆ మాటతో మా పండుగ కాస్త సద్దుమణిగినది. పిల్లల తల్లి లేచి రెండవ కేకు ముక్కపై క్రొవ్వొత్తి వెలిగించి, ఆ బాలుని చేత ఊదించినది. వాడు ఊదలేదు, వేలితో కేకు గీకి తిన్నాడు.

పాఠకులారా, జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివారు తెలియజేస్తారు. ఇంటిలో పుడితే ఇంటి పెద్ద తెలియజేయవలెను. 21 దినములలోపు రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారము గల అధికారి ఉత్తర్వు కావలెను. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరుటకైనా, ఓటరు పట్టికకైనా, పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఋజువు. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కార్యాలయము కొంత దగ్గరైనది. అయినను కూలి మానుకొని కొండ దిగి పోవువారికి ఒక్కొక్క ప్రయాణము భారమే.

మరునాడు అంగన్‌వాడీ కార్యకర్త సాయముతో ఆ బాలుని దరఖాస్తు వ్రాశాము. చోళ్ళ కోత ఏ వారములో జరిగినది, ఆ వారము సంత ఏ దినము అని ఊరివారంతా గుమిగూడి తర్కించి, ఒక తేదీకి వచ్చారు. ముసలమ్మ దానిని నమ్మలేదు. “ఆ తరువాతి సంత” అని వాదించినది. చివరకు ఆమె మాటే వ్రాశాము. పుట్టినప్పుడు బిడ్డను చేతులలోనికి తీసికొన్నది ఆమెయే గదా.

మీ బంధువులలో, మీ పనివారి ఇండ్లలో పసిబిడ్డలున్నారా? కానుకగా గౌను కొనుటకు ముందు, పేరు, తేదీ నమోదు అయినవా అని అడుగుడి. చోళ్ళ కోతకు మేము మరల ఆ కొండకు పోవుదుము. కాగితము అప్పటికి వచ్చినా రాకపోయినా, ఆ బాలునికి కేకు మాత్రము తీసికొని వెళ్ళుదుము.