చాటింపు ఎవరికి వినిపించింది?

వెనుకటికి ఊళ్ళో ఏ కబురు చెప్పాలన్నా డప్పు వేసి చాటేవారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది..." అంటూ. ఆ యావన్మందిలో మూలింటి చెవిటి ముసలమ్మ ఉందా లేదా అని ఎవరూ ఆలోచించేవారు కాదు. అయినా పక్కింటి కోడలెవరో వెళ్ళి చేతులు తిప్పి చెప్పి వచ్చేది లెండి.

ఇప్పుడా డప్పు ఫోనులోకి వచ్చింది. 2023లో ప్రభుత్వం పరీక్షకని పంపిన హెచ్చరిక గుర్తుందా? ఫోను ఒక్కసారిగా కూత పెట్టి, గడగడ వణికి, తెర మీద అక్షరాలు చూపించింది. పోపులో గరిటె అలాగే వదిలేసి పరుగెత్తాను. నిజం చెప్పొద్దూ, ఆ ఏర్పాటు నాకు నచ్చింది. కూత వినపడనివారికి వణుకుంది, చదవడానికి అక్షరాలున్నాయి. చూపులేనివారి కోసం ఆ అక్షరాలను పైకి చదివే సదుపాయమూ ఫోనుల్లో ఉంది. ఎవరైనా దాన్ని ఆన్ చేసి పెట్టాలి, అంతే.

చిక్కంతా ఆ "ఎవరైనా" దగ్గరే.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ మోతలో పక్కన నిలబడి పిలిచినా పలకరు. ఏళ్ళ తరబడి అందులో పనిచేస్తే వినికిడే తగ్గిపోతుంది. 2021 సెప్టెంబరులో ఆ పట్నం వీధులు చెరువులయ్యాయి. అలాంటప్పుడు మైకులో ఎంత అరిస్తే మాత్రం వారికేం లాభం? కోరుట్లలో బీడీలు చుట్టుకునే ఇళ్ళ సంగతి ఇంకోటి. ఇంటికి ఒకటే ఫోను ఉన్నచోట, అది పొద్దున్నే మగవారి జేబులో బయటికి పోతుంది. ఇంట్లో మిగిలేది చాటలో ఆకూ, మంచంలో లేవలేని మనిషీ.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షను ఈ మాట స్పష్టంగానే చెప్పింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు రాసిపెట్టుకోవాలి, ముప్పు గురించి వారికి తెలిసేలా తగిన ఏర్పాట్లు చేయాలి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టిందీ ఆ ఏడే. చట్టానికీ జిల్లాలకూ ఒకటే ఈడన్నమాట!

జగిత్యాలలో ఉండే మా పెద్దత్తమ్మకు చూపు లేదు. "వరదొస్తే టీవీల కింద అక్షరాలు ఉరుకుతయట గదా బిడ్డా, అవి నాకెవలు సదివి చెప్తరు?" అంటుంటుంది. మొన్న ఈ చట్టం సంగతి చెప్పి, నీ పేరు రాయించి వస్తానన్నాను. కాసేపు ఆలోచించింది.

"పేరొక్కటి రాసుకుంటె ఏం జేస్తరు? తలుపు ఏ దిక్కున్నదో, పక్కపొంటి ఇంట్ల ముందుగాల ఎవలను లేపాలెనో, గది గూడ రాయుమను."