పొయ్యి లేని బండి

రిటైరైన ఆడమనిషి డబ్బు ఎటు పోవాలో ఆమెకు తప్ప అందరికీ తెలిసే ఉంటుంది. 2024లో మా అమ్మ ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసేనాటికి కరీంనగర్‌లో మా చుట్టాలందరి దగ్గరా తలొక లెక్క సిద్ధంగా ఉంది. ఊరి చివర ప్లాటు కొంటే అయిదేళ్లలో రెట్టింపవుతుందని ఒకరు. తమ్ముడి ఇంటి అప్పు తీరిస్తే వాడికి ఊపిరాడుతుందని ఒకరు. ముప్ఫై దాటినా పెళ్లి కాని కూతురు ఎదురుగా ఉండగా ఇంక ఆలోచనెందుకని ఇంకొకరు. అమ్మ అందరి మాటలూ విన్నది. పిల్లల చదువులూ మామ్మ ఆపరేషనూ ఇంటి స్లాబూ దాటుకుని మిగిలిన జీపీఎఫ్‌లోంచి 11 లక్షలు పక్కన పెట్టి, తనకు ఇల్లున్న బండి కావాలంది.

ఆ కోరిక అమెరికాలో పుట్టింది. రిటైరయ్యాక ఆమె టెక్సాస్‌లో తమ్ముడి దగ్గర మూడు నెలలుంది. పక్కింట్లో ఉండే విశ్రాంత దంపతులు ఫిఫ్త్ వీల్ క్యాంపర్ కొనబోతూ, సరదాగా అమ్మనీ తమ్ముడినీ అమ్మకాల మైదానానికి తీసుకెళ్లారు. ఐదో చక్రం అన్నంత మాత్రాన అది దొర్లే చక్రం కాదు. గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు మలుపు తిరగడానికి అడ్డంగా పరిచిన గుండ్రటి పట్టీకి వచ్చిన పేరు అది. రామగుండం వైపు పోయే ట్రైలర్ లారీల వెనక గ్రీజు పూసి కనిపించే పళ్లెం కూడా అదే. అమెరికాలో దాన్ని పికప్ ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసు మీద బిగిస్తారు. ఇల్లు వచ్చి దాని మీద కూర్చుంటుంది. బరువులో దాదాపు ఐదో వంతు ట్రక్కు మీద పడుతుంది కాబట్టి తోకలా ఊగకుండా వెంట వస్తుంది. ట్రక్కు మీదికి వచ్చిన ఎత్తు భాగంలో పడకగది. ముప్ఫై అడుగుల పొడవు అక్కడ మామూలు. ఆగిన చోట మీట నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది.

అమ్మ ఒకదాని తర్వాత ఒకటి ఏడు బండ్లెక్కి దిగిందట. అన్నిట్లోనూ ఒకటే చూసింది. తలుపు తీయగానే వంటగది. నాలుగు మంటల పొయ్యి, ఓవెన్, మైక్రోవేవ్, నిలువెత్తు ఫ్రిజ్, మధ్యలో గట్టు. చూపించేవాడు ఆ గట్టును చేత్తో నిమురుతూ అమ్మ వైపు, బండిని లాగే సంగతులు చెప్పేటప్పుడు తమ్ముడి వైపు తిరిగేవాడట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "ఇల్లు ఇడిసి పోదామని బండి కొంటరు బిడ్డా, మల్ల అందుట్ల ముందుగాల వంటిల్లే పెడ్తరు" అని నవ్వింది.

తెలుగు యాత్రా సాహిత్యం మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఆ మాట నన్ను ఊరికే వదల్లేదు. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. హైదరాబాదు మీదుగా నాగపూర్ దారి పట్టాడు. బోయీలు, డేరాలు, పరివారంతో నడిచిన ఇల్లది. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ దినుసులు దొరుకుతాయో, ఎక్కడ దిగడానికి నీడ ఉందో ఎంతో ఓపికగా రాశాడు. అందుకే ఆ పుస్తకం నాకు ఇష్టం. తల్లీ భార్యా ఆయన వెంటే ఉన్నారు. దారి ఆయన కళ్లతో మనదాకా వచ్చింది గానీ వాళ్ల కళ్లతో రాలేదు.

మా ప్రాంతంలో ఆడవాళ్ల ప్రయాణానికి ఒక బండి ఉండేది. సవారీ కచ్చురం. పైన గూడు, చుట్టూ తెర. ఉన్నోళ్ల ఇళ్ల ఆడవాళ్లు ఊరు మారేది అందులోనే. తెర వాళ్లను ఎండ నుంచి కాపాడిందో లోకం నుంచి దాచిందో వేరుగా చెప్పలేం. లేనోళ్ల ఆడవాళ్లకు తెర లేదు, పొయ్యి ఉంది. మా అమ్మమ్మ ఎడ్లబండి మీద మేడారం జాతరకు పోయిన కథ చెప్పేది. సమ్మక్క గద్దె గురించి రెండు మాటలు, దారిలో మూడు రాళ్ల పొయ్యి గురించి ఇరవై మాటలు. తడిసిన కట్టెలు, బండి కింద పడుకున్న మగవాళ్లను లేపి తినబెట్టడం, చీకట్లో గిన్నెలు తోమడం. అమ్మమ్మ చూసిన అడవిలో సగం పొగే.

బండిలో బతకడం అందరికీ విహారం కాదు. సంచార జాతులవాళ్లు తరతరాలుగా బండ్లతో తిరిగి బతికారు. 1871 నాటి చట్టం వాళ్లలో ఎందరినో పుట్టుకతో నేరస్తులన్నది. దాన్ని 1952లో రద్దు చేసినా, ఊరి బయట డేరా వేసిన మనిషిని ముందు అనుమానంగా చూసే చూపు రద్దు కాలేదు. పింఛను వచ్చే టీచరమ్మ బండి ఆపితే యాత్ర, వాళ్లు ఆపితే విచారణ. ఈ మాట నేనన్నప్పుడు అమ్మ వాదించలేదు. "నా బడిల జదివిన వాళ్ల పిల్లలు పంటలకు వోయిన్నాడు హాజరు ఎట్లేసిన్నో నాకు తెల్సు" అని ఊరుకుంది.

అమ్మ పుట్టింది లక్షెట్టిపేటలో. మొదటి ఉద్యోగం ఉట్నూరు దగ్గర. తర్వాత బాపు ఉద్యోగం కరీంనగర్‌లో కాబట్టి బదిలీ పెట్టుకుని వచ్చేసింది. ఉట్నూరు చుట్టుపక్కల పనిచేసిన తొమ్మిదేళ్లూ ఆమె పొద్దున చాయ్ తర్వాత సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు తాగలేదు. బడిలో మరుగుదొడ్డి లేదు. బస్సు దిగి నడిచే దారిలో చాటు లేదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు వాడిన మందుల చీటీలు ఇప్పటికీ ఒక డబ్బాలో ఉన్నాయి. కుంటాల జలపాతం అంత దగ్గర్లో ఉన్నా ఆమె చూడలేదు. తోటి మాస్టర్లు ఆదివారాలు పోయి వచ్చేవారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు విద్యార్థుల ఇళ్ల నుంచి ఏటా పిలుపు వచ్చేది. రాత్రి ఉండే చోటు లేక ఒక్కసారీ పోలేదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. అది చాలా పెద్ద సంగతి. వేములవాడకో ధర్మపురికో ఒంటరిగా పోయివచ్చిన ముసలమ్మలను నేనే చూశాను. బస్సు సీటిచ్చింది. దిగిన తర్వాతి రాత్రిని, ఆ నడుమ వచ్చే ఒంటేలును ఇవ్వలేకపోయింది. అమ్మ కొనాలనుకున్నది ఆ రెండింటినీ.

ఫిఫ్త్ వీల్ మన దారులకు నప్పదని వారంలోనే తేలింది. మనకు దొరికే పికప్‌లు అంత బరువు లాగే రకం కావు. జన్నారం సందుల్లో ముప్ఫై అడుగుల ట్రైలర్‌ను వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఇంజనూ ఇల్లూ ఒకటిగా ఉన్నదే కావాలి. ఒక పాత పదమూడు సీట్ల ట్రావెలర్ వ్యాను కొని, హైదరాబాద్‌లో బాడీ కట్టే షెడ్డుకు ఇచ్చాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిలో మార్పులకు అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పాలి. ఆ కాగితాలు నా వంతు. కారు లైసెన్సు చాలుతుందా అన్న సందేహం కూడా లేకపోయింది. మామూలుగా కారుకిచ్చే ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలూ నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అమ్మ అరవై ఒకటో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

షెడ్డు మేస్త్రీ గీసి ఇచ్చిన నక్షాలో వెనక తలుపు దగ్గర పొయ్యి గట్టు, సింకు, గ్యాస్ బండ అర. మరుగుదొడ్డికి చోటు లేదు. "లేడీస్ ఉన్నరు కదా మేడం, కిచెన్ మస్టు. బాత్రూం అంటరా, పెట్రోల్ బంకులున్నయి" అన్నాడు. ఉట్నూరు దారిలో ఎన్ని బంకులున్నాయో, ఎన్నింటి తలుపులకు గడియలున్నాయో అమ్మ అతనికి చెప్పింది. పొయ్యి గట్టు కొట్టేయించింది. అక్కడ కూర్చునే మరుగుదొడ్డి, దాని కింద విడదీసి ఖాళీ చేసుకునే ట్యాంకు, పైన వంద లీటర్ల నీళ్లు. లోపలి నుంచి వేసుకునే గట్టి గడియ. మోకాళ్ల నొప్పులకు కింద ఇంకో మెట్టు. రెండు పడకలు, కిటికీలకు దోమల జాలీ, ఫ్యానుకూ లైట్లకూ సోలార్ పలక. ఏసీ వద్దంది.

అసలు గొడవ ఇంట్లో వచ్చింది. బాపుకు హోటల్ తిండి పడదు. పొయ్యి లేకపోతే రానన్నాడు. చిన్న సింగిల్ బర్నరైనా పెట్టించమని తమ్ముడు అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. నేను కూడా, పెట్టించి వాడకపోతే సరిపోతుంది కదా అన్నాను. అమ్మ అప్పుడన్నది నేను చదివిన ఏ సిద్ధాంతంలోనూ అంత సూటిగా లేదు. "ఉన్న పొయ్యిని వాడకుంట ఉండుడు ఆడిదాంతోని కాదు బిడ్డా. పక్కపొంటి నలుగురు ఆకలి అంటె చెయ్యి దానంతటదే పోతది. అది లేకుంటెనే నేను కూసుంట."

వర్జీనియా వుల్ఫ్ 1929లో ఆడవాళ్లు రాయాలంటే ఏటా అయిదు వందల పౌండ్లూ తాళం వేసుకునే గదీ కావాలంది. ఆ గదిలోకి ఎవరు రాకూడదన్నదే ఇన్నాళ్లూ మాట్లాడుకున్నాం. ఏ వస్తువు రాకూడదన్నది కూడా అంతే ముఖ్యమని నాకిప్పుడు అనిపిస్తోంది. మనకు స్వేచ్ఛ పేరుతో అమ్మజూపే ప్రతిదాని నక్షా ఒకసారి విప్పి చూసుకోవాలి. పొయ్యి ఎక్కడ పెట్టారో, గడియ ఎటువైపు ఉందో.

మొదటిసారి అమ్మా, ఆమెతో పనిచేసి రిటైరైన ఇద్దరు టీచర్లూ పోయారు. డ్రైవింగ్‌లో చేయి మారడానికి నేను. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు. కవ్వాల్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఆగడం కుదరదు కాబట్టి వెలుగుండగానే అడవి దాటాం. రాత్రి ఒకప్పటి బడి ఆవరణలో, హెడ్మాస్టరమ్మ అనుమతితో. ఒకనాటి విద్యార్థి ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పప్పు వచ్చాయి. వండిన ఆమె అక్కడా ఆడమనిషే. డబ్బు తీసుకోనంటే అమ్మ ఆమెను మర్నాడు కుంటాలకు బండెక్కించుకుంది. ఆమె కూడా ఆ జలపాతం చూడలేదట.

దారి పొడుగునా అమ్మ నీళ్లు తాగింది. సీసా ఖాళీ అయితే మళ్లీ నింపమని చెప్పి తాగింది.

బాపు ఇంకా బండెక్కలేదు. మేం లేని నాలుగు రోజులూ అన్నం తనే వండుకున్నాడు, పచ్చళ్లతో గడిపాడు. చారు ఎట్లా పెట్టాలో ఫోన్లో అడిగితే అమ్మ చెప్పింది. వచ్చే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోవాలని ముగ్గురు టీచర్లూ అనుకుంటున్నారు.