పంది కన్ను మెరవదు

శీర్షిక చూసి ఇదేదో జువాలజీ పాఠమనుకొని మిత్రులు పేజీ తిప్పేయవద్దు. ఇది మా నాయన భుజం విరిగిన కథ.

కిందటి సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళాను. మాచర్లకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మా పల్లె. చేలో నిలబడి చూస్తే నల్లమల కొండల తోక కనబడుతుంది. ఒక సాయంత్రం నాయనా నేనూ మిరపకాయల గోతాల కోసం మోటారు సైకిలు మీద మాచర్ల పోయి, చీకటి పడ్డాక తిరుగుముఖం పట్టాం. నాయన నడుపుతున్నాడు. వెనక గోతాల కట్ట పట్టుకొని నేను కూర్చున్నాను. ఎదురుగా ఒక లారీ పెద్ద లైట్లు వేసుకొని వచ్చి దాటిపోయింది. ఆ వెంటనే ఒక అడవిపంది రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. నాయన వేగం తగ్గించాడు. పంది అవతలి చేలోకి దిగిపోయింది.

“పోయిందిలే” అని నాయన మళ్ళీ వేగం పెంచాడు.

రెండోది అప్పుడు వచ్చింది. నాయన హ్యాండిలు పక్కకు తిప్పాడు. పంది ముందు చక్రానికి రాసుకుపోయింది గాని మేమిద్దరం కంకర మీద పడ్డాం. నాకు మోచేతులు దోక్కుపోయాయి. నాయనకు ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది, అదీ మిరపకోతల రోజుల్లో!

కేక విని పక్క చేలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న, “పంది ఏ పక్కన పడింది?” అని. నాయన నొప్పిలో కూడా నవ్వాడు. (పంది ఎక్కడా పడలేదు, లేచి పోయింది. పడినా దాన్ని కోసుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని ఆ పూట నేను చెప్పలేదు. వినేవాళ్ళెవరు?)

ఆస్పత్రిలో నాయన ఒకే మాట పదేపదే అన్నాడు. “కళ్ళు మెరవలేదురా. మెరిస్తే ఆగేవాణ్ణి.”

చిన్నప్పటినుంచి చేలకు కాపలా పడుకున్న మనిషి ఆయన. రాత్రిపూట టార్చి వేస్తే కుక్క కన్ను, నక్క కన్ను, దుప్పి కన్ను, మన ఆవు కన్ను మెరుస్తాయి. రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉండి, వెలుగును తిప్పి కొడుతుంది. దాన్ని టాపెటమ్ లూసిడమ్ అంటారు. పందికి ఆ పొర లేదు, మనకూ లేదు. మరి ఇన్నేళ్ళు వేరుశనగ చేలో నాయన పందిని ఎలా పట్టాడు? చెవితో! గురకతో, కాయ నమిలే చప్పుడుతో. బండి మీద ఇంజను మోతలో ఆ చెవి పనికి రాలేదు. ఇక మిగిలింది కన్ను, దానికేమో మెరుపు లేదు.

ఊరికి వచ్చాక నేనూ చెల్లెలూ ఒక పరీక్ష చేశాం. రాత్రి ఎవరూ రాని డొంకలో బండి నిలబెట్టి డిమ్ లైటు వేశాను. చెల్లెలు నల్ల గొంగడి కప్పుకొని అంగలు లెక్కపెడుతూ దూరంగా నడిచింది. పాతిక అంగలు దాటేసరికి పిల్ల ఉన్నదో లేదో నాకు తెలియలేదు. నా అంగ కాస్త తక్కువగా మీటరు, దానిది ఇంకా తక్కువ. కనుక పాతిక మీటర్లు కూడా కాదు.

తరువాత ఫిజిక్సు నోటుబుక్కు తీశాను. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. చూసి, బ్రేకు మీద కాలు పడేసరికి ఒక సెకను పోతుంది. ఆపైన బండి ఆగడానికి, బ్రేకు ఓ మాదిరిగా పడితే, మరో 19 మీటర్లు. మొత్తం 33. అదే 40 మీద అయితే 11, 12 కలిపి 23. అరవై మీద 44 దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ రాత్రి వెనక సీట్లో కూర్చొని “నాయనా, మెల్లగా” అని ఒక్క మాట అనలేదు.

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో అడవి లోపల రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు పోనివ్వరు. కర్ణాటకలోని బందీపూరు అడవిలోనూ 2009 నుంచి అదే పద్ధతి. అక్కడ గేటుంది, గార్డున్నాడు. మా చేల మధ్య రోడ్డుకు గేటెవరు పెడతారు? పంది అడవిలోనే ఉంటుందని చట్టమేమన్నా ఉందా? మనం మొక్కజొన్నా వేరుశనగా వేస్తే అది అక్కడికే వస్తుంది, చీకట్లో వచ్చి తెల్లవారుతుండగా పోతుంది. ఆడపంది ముందు పోతే వెనక పిల్లలుంటాయి. ఒకటి దాటితే దారి ఖాళీ అయినట్టు కాదు, అప్పుడే ఆగాలి. తప్పించుకోలేని దగ్గర హ్యాండిలు నిటారుగా పట్టి బ్రేకు వేయాలి. మమ్మల్ని పడేసింది పంది కన్నా ఆ తిప్పుడే.

నాకు ఎక్కువ భయం మా బండి గురించి కాదు. కోతల రోజుల్లో పక్క ఊరినుంచి ఆటోలో కూలీలు వస్తారు. కిక్కిరిసి, పక్కలకు వేలాడుతూ, మంచులో. మూడు చక్రాల బండి వేగం మీద పక్కకు తిప్పితే బోల్తా పడుతుంది. ఆటో నడిపే పిల్లాడు నాకన్నా చిన్నవాడు. ఒకరోజు కల్లం దగ్గర ఈ లెక్కంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

“అన్నా, నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆరున్నరకల్లా చేలో ఉండాలని పట్టుబట్టేది మీ నాయనే గదా!” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. పల్నాటిలో జనవరి ఆరింటికి ఇంకా చీకటే. ఆ చీకట్లో వాడు ఎందుకు పరుగెత్తిస్తున్నాడో నా నోటుబుక్కులో ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చి నాయనతో చెప్పాను. భుజానికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. చాలాసేపు పలకలేదు. అన్నం తిన్నాక ఫోను అడిగి ఆ పిల్లాడికి చేశాడు. “ఒరే అబ్బాయ్, రేపటినుంచి ఏడున్నరకు రండి. తెల్లగా తెల్లవారాకే బయల్దేరు. కూలి తగ్గించనులే.”

వంటింట్లోంచి నాయనమ్మ, ఎండెక్కాక ఏం కోస్తారంటూ సణుగుతూనే ఉంది.