నీకెంత?

కవిటి మండలంలో ఒక ఊరి టీ కొట్టు. బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. మూడో ఆయన సైకిలు దిగి, స్టాండు వేస్తూనే అడిగాడు.

"నీకెంతన్నారు?"

"నాలుగు పాయింటు రెండు. మరి నీకో?"

"నాది రెండు కాడే ఆగింది."

అడిగింది వయసు కాదు, కొబ్బరికాయ ధరా కాదు. రక్తంలో సీరం క్రియాటినిన్ ఎంతుందని. ఈ ఊళ్లలో దాన్ని క్రియాటిన్ అంటారు, కొందరి నోట కిరాటిన్ అవుతుంది, చాలామంది పేరే ఎత్తరు. "ఎంత" అంటే చాలు, అర్థమైపోతుంది. కండరాలు పనిచేస్తుంటే పుట్టే చెత్త అది. మూత్రపిండాలు దాన్ని వడకట్టి బయటికి తోసేయాలి. అంకె 1.2 దాటకుండా ఉంటే స్థిమితంగా ఉండొచ్చు. కాకపోతే మూత్రపిండాల శక్తి సగం హరించుకుపోయేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. కాళ్లు వాయవు, నొప్పి ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పోదు. ఇక్కడి జబ్బు వడపోత గిన్నెల్లో కాకుండా వాటి కింది సన్నటి గొట్టాల్లో మొదలవుతుంది మరి. మనిషి పొలానికి వెళ్తూనే ఉంటాడు, వస్తూనే ఉంటాడు. ఒకరోజు అన్నం సహించదు. పరీక్ష చేయిస్తే ఐదో ఆరో వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న తీరప్రాంతం ఉద్దానం. ఉద్యానం అన్న మాటే అలా మారిందంటారు. ఆటోలో వస్తుంటే నమ్మాలనిపిస్తుంది. ఇసుక నేలలో కొబ్బరి, దాని వెనక జీడిమామిడి, మధ్య మధ్య పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల మీదుగానే నడిచి వెళ్లింది. ఆ తర్వాత నాటిన మొక్కలూ, పడకుండా మిగిలిన పాత చెట్లూ పక్కపక్కనే ఉండడంతో తోటలు తాతా మనవళ్లు నిలబడ్డట్టు కనిపిస్తాయి.

ఈ పచ్చదనం కింద ఎంత జబ్బుందో లెక్కతీసిన వాళ్లున్నారు. మూత్రపిండాల వైద్యుడు డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో 2,210 మందిని పరీక్షిస్తే దాదాపు 14 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు బయటపడింది. జబ్బున్న వాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. వైద్యశాస్త్రం దీనికి పెట్టిన పేరులోనే 'కారణం తెలియని' అన్న మాట ఉంది. కారణం తెలియదన్న సంగతినే పేరుగా పెట్టుకున్న జబ్బులు వైద్యంలో ఇంకెన్ని ఉన్నాయో గానీ, ఆ పేరు నోట్లో పెట్టుకుని రెండు తరాలుగా బతుకుతున్న ఊళ్లు మాత్రం ఇవి.

నాకు తోడు వచ్చిన అమ్మాయి డిగ్రీ చదివింది, కొన్నాళ్లు ఒక సర్వేలో ఇంటింటికీ తిరిగింది. ఏ గుమ్మంలో నిలబడ్డా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు బయటికొస్తుంది. రిపోర్టులు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు, అన్నీ తేదీల వారీగా పేర్చి ఉంటాయి. భూమి పట్టాలు కూడా అంత భద్రంగా ఉండవేమో. ఒక ఇంట్లో ముసలాయన కవరు తీయలేదు.

"రగతం తీసుకెల్నారు, ఉచ్చ తీసుకెల్నారు, బాయిలో నీల్లు, పొలంలో మట్టి, ఇంట్లో బియ్యం తీసుకెల్నారు. జవాబు తీసుకురాడానికి మాత్రం ఎవులూ తిరిగి రానేదు బాబూ."

కోపంగా అనలేదు. బస్సు ఇవాళ రాలేదని చెప్పినట్టు చెప్పాడు.

పరిశోధకుల తరఫున ఒక మాట చెప్పాలి. వాళ్లు ఊరికే కూర్చోలేదు. నీళ్లలో సీసం ఉందా, ఆర్సెనిక్ ఉందా, ఫ్లోరైడ్ ఉందా, సిలికా ఎక్కువైందా, పురుగుమందుల అవశేషాలున్నాయా, వీధిలో దొరికే నొప్పి మాత్రలు ఎంతమంది మింగుతున్నారు, జన్యువుల్లో ఏమైనా ఉందా, ఇలా అన్ని తలుపులూ తట్టారు. కొన్నింటి వెనక అలికిడి వినిపించింది. దొంగ మాత్రం దొరకలేదు. శ్రీలంకలో అనూరాధపురం చుట్టుపక్కల వరి రైతులకు ఇలాంటి జబ్బే 1990ల నుంచి ఉంది. అక్కడ ఒకసారి కాడ్మియం అన్నారు, ఇంకోసారి కలుపు మందు గ్లైఫొసేట్ అన్నారు, 2015లో ఆ మందునే నిషేధించారు. వాదన అప్పటికీ తెగలేదు.

నేను ఆ అమ్మాయిని అడిగాను, సర్వేలో ఏం ప్రశ్నలు వేసేవాళ్లమ్మా అని. వేళ్లు మడుస్తూ గడగడా అప్పజెప్పింది. తాగేది బోరు నీళ్లా, బావి నీళ్లా, కుళాయా? పొగాకు అలవాటుందా? మందు పిచికారీ చేస్తారా? నొప్పి మాత్రలు వాడతారా?

"పనిలో ఉన్నప్పుడు పూటకెన్నిసార్లు నీళ్లు తాగుతారు, ఎన్నిసార్లు ఒంటికి వెళ్తారు, అని?"

నవ్వింది. "మాకిచ్చిన ఫారంలో అది లేదు సార్."

ఆ ప్రశ్న నాకు ముందురోజు పలాసలో పుట్టింది. తెల్ల బంగారమని పేరుపడ్డ జీడిపప్పు ఊరది. పేరు రాయను, ఫొటో తీయను అని మాటిస్తే ఒకాయన తన ఫ్యాక్టరీలోకి రానిచ్చాడు. ఇక్కడ జీడిగింజ అనరు, జీడిపిక్క అంటారు. పిక్కల్ని ఆవిరిలో ఉడకబెడతారు, ఆరబెట్టి కొడతారు. పప్పుని బోర్మాలో ఎండబెట్టి పై పొర తీస్తారు, ఆఖర్న సైజులు ఏరతారు. 180, 210, 240, 320. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయన్నది ఆ అంకె. చిన్న అంకె అంటే పెద్ద పప్పు, పెద్ద ధర.

ఇవన్నీ నేర్చుకున్నాక గానీ పిక్కలు కొట్టే ఆడవాళ్లు నా కంట పడలేదు. రేకుల షెడ్డు కింద వరసగా కూర్చుని ఉన్నారు. కాలితో మీట నొక్కుతూ చేత్తో పిక్కని కత్తి మధ్య పెట్టడం, ఒక్క దెబ్బకి రెండు చెక్కలు, లోపలి పప్పు విరగకూడదు. విరిగితే ధర సగానికి సగం పడిపోతుంది. పిక్క తొక్కులో జీడి నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. అందుకే చేతులకి బూడిదో నూనెనో రాసుకుంటారు. గ్లవ్సులు లేవా అంటే, ఉన్నాయట, వేసుకుంటే పిక్క వేలికి తెలియదట. నల్లబడ్డ ఆ వేళ్ల మధ్యనుంచి అంత తెల్లటి పప్పు రావడం చూస్తే ఏదో గారడీలా ఉంటుంది.

పదకొండయ్యేసరికి నేను తెచ్చుకున్న లీటరు సీసా ఖాళీ అయింది. నా పక్కనే ఉన్నావిడ సీసాలో నీళ్లు పొద్దున పోసినవి పోసినట్టే ఉన్నాయి. దాహం వెయ్యదా అమ్మా అన్నాను.

"ఎందుకెయ్యదు బాబూ. తాగితే ఒంటికెల్లాల. ఎల్తే ఈడ పని ఆగిపోతాది. కేజీ లెక్క కదా."

మరుగుదొడ్డి ఉంది. ఉన్నది ఒకటే, షెడ్డు ఆ చివర. దాని తలుపు గురించి మేస్త్రీ మాట మార్చాడు. ఆమె పొద్దున ఇంట్లో ఒక చెంబు తాగి వస్తుంది, సాయంత్రం ఇంటికెళ్లి మళ్లీ తాగుతుంది. నడుమ మజ్జిగన్నంలో ఉన్నదే నీరు.

నీరు తగ్గితే శరీరం ఉన్నదాన్ని దాచుకుంటుంది. మూత్రం చిక్కబడుతుంది, మూత్రపిండానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, ఆ సన్నటి గొట్టాలు తక్కువ రక్తంతో ఎక్కువ పని చేయాలి. పైగా వేడిలో కష్టపడ్డ కండరాల నుంచి వచ్చి పడే చెత్తా వాటి నెత్తినే. ఒకరోజైతే రాత్రికి కోలుకుంటాయి. ఇరవై ఏళ్లు రోజూ ఇదే అయితే?

ఈ అనుమానం నాది కాదు, పసిఫిక్ తీరపు చెరకు తోటల నుంచి వచ్చింది. ఎల్ సాల్వడార్ రాజధానిలోని రోసాలెస్ ఆసుపత్రికి వస్తున్న మూత్రపిండాల రోగుల్లో మూడింట రెండొంతులకి తెలిసిన కారణమేదీ లేదని అక్కడి వైద్యులు 2002లో రాశారు. ఎక్కువమంది తీరప్రాంతంలో పొలాల్లో పనిచేసిన మగవాళ్లు. పక్క దేశం నికరాగ్వాలో చిచిగల్పా దగ్గర ఒక పల్లెకి 'విధవల దీవి' అన్న పేరే పడిపోయింది. అక్కడ చెరకు నరికి జబ్బుపడ్డ వాళ్లు 2008లో ప్రపంచబ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లారు, చక్కెర కంపెనీకి అప్పిచ్చింది ఆ బ్యాంకు సంస్థే కాబట్టి. మధ్యవర్తిత్వం నడిచింది. రెండు పక్షాలకీ నమ్మకమైన పరిశోధకులు కావాలంటే బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. వాళ్లు చెరకు దగ్గరే ఆగకుండా గనుల్లో, ఓడరేవులో, ఇళ్ల కట్టుబడిలో పనిచేసే వాళ్లనీ పరీక్షించారు. అక్కడా జబ్బు ఆనవాళ్లున్నాయి. పురుగుమందు వాసన కూడా తెలియని పనులవి. అన్నిట్లోనూ ఉన్నది ఎండా, ఒళ్లు వంచే కష్టమూ.

నాకు అంతకంటే నచ్చింది తర్వాత ఎల్ సాల్వడార్‌లో 2014–15 కోత కాలంలో చేసిన పని. కారణం పూర్తిగా తేలేదాకా ఆగలేదు. కోత కూలీల వీపుకి నీళ్ల సంచులు కట్టారు, పొలంలోకి కదిలించగల గుడారాల నీడ తెచ్చారు, గంటల మధ్య విరామం పెట్టారు, కత్తి వంపు మార్చారు. కోత కాలం ముగిసేసరికి మూత్రపిండాలు అంతకుముందులా దిగజారలేదు. కోసిన చెరకు తగ్గలేదు సరికదా పెరిగింది. ఈ ఆఖరి ముక్కని పలాసలో ఆ ఫ్యాక్టరీ ఆయనకి చెప్పాను. "అక్కడ చెరకు సార్, ఇక్కడ జీడి," అన్నాడు.

ఉద్దానానికీ ఇదే జవాబని నేననడం లేదు. ఎండే కారణమైతే ఈ జబ్బు ముందు పల్నాడులో రెంటచింతలలో పుట్టాలి. వేసవిలో రాష్ట్రమంతా ఆ ఊరి ఉష్ణోగ్రత చూసి నోరు తెరుస్తుంది. అక్కడ కూలీలకీ నీళ్లు తాగే తీరిక ఏం దొరుకుతుంది? కాకపోతే రెంటచింతలది పొడి ఎండ, ఇక్కడిది ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కలో ఆరదు. మామూలు థర్మామీటరుకి ఉక్క తెలియదు. తడిగుడ్డ చుట్టిన గాజు బల్బూ, నల్ల గోళమూ కలిపి కొలిచే పద్ధతి వేరే ఉంది. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు ఎండదెబ్బకి కూలిపోతుంటే కనిపెట్టిన కొలత. సరే, ఉక్క అనే అనుకుందాం. తూర్పు తీరమంతా ఉక్కే కదా, మరి ఈ ఏడు మండలాల్లోనే ఎందుకింత? బహుశా ఎండ ఒక్కటే కాదు. నీటిలోనో నేలలోనో ఉన్నదేదో అప్పటికే దెబ్బతీసిన మూత్రపిండాన్ని దాహం పడగొడుతోందేమో. నా తగువు అది కాదు. సీసాలో పట్టుకెళ్లిన నీటికి చేయని పరీక్ష లేదు. ఆ నీరు మనిషి గొంతు దిగడానికి అడ్డేమిటన్నది అడగడానికి ప్రయోగశాల అక్కర్లేదు, షెడ్డులో ఒక పూట కూర్చుంటే చాలు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరుచుకున్నాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో నీరు తెచ్చే పథకాన్నీ ఆరోజే ప్రారంభించారు. డయాలసిస్ కోసం విశాఖ రైలెక్కిన రోజులు తెలిసినవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. కుళాయి నీటి వల్ల జబ్బు తగ్గిందో లేదో తేలడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. నలభై ఏళ్లు బావినీళ్లు తాగిన ఒంటికి కుళాయి తిప్పగానే ఏమీ అయిపోదు.

కవిటిలో మధ్యాహ్నం తోటలోకి వెళ్లాం. దింపిన కాయల్ని ఒకతను గునపం మీద వలుస్తున్నాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయని గుచ్చి, ఒళ్లంతా బిగబట్టి తిప్పితే పీచు చీలుతుంది. ఒకటి రెండు మూడు, నేను లెక్కపెడుతూ అరవై దగ్గర మానేశాను. అతను మానలేదు. నీళ్ల సీసా చెట్టుకి వేలాడుతోంది, మూత తీసినట్టు లేదు. ఇక్కడ మరుగు ప్రశ్నే లేదు, తోటంతా చెట్ల చాటే. ఎందుకు తాగవయ్యా అంటే, తాగితే కడుపు బరువై వంగలేనన్నాడు. కూలీ కాయల లెక్కన.

సాయంత్రం ఆ ముసలాయన ఇంటికి మళ్లీ వెళ్లాం. వారంలో రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు, మర్నాడు మళ్లీ ఆ రోజు. ఆయన భార్య నా మొహం చూసి "అయ్యో, వడిలిపోనావు బాబూ" అంటూ పెరట్లోంచి రెండు బొండాలు తెచ్చి కత్తితో చెక్కింది. ఒకటి నాకు, ఒకటి ఆ అమ్మాయికి. మీరూ తాగండి అని ఆయనకి నాది ఇవ్వబోయాను. అమ్మాయి నా మోచేయి పట్టుకుంది. బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ, దాన్ని బయటికి పంపే దారి ఆయనకి లేదు. గుండె ఆగిపోవచ్చు.

వాకిట్లో ఆయన నాటినవే పదకొండు చెట్లు. మేం తాగినంతసేపూ ఆయన వాటికేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఖాళీ బొండాల్ని పగలగొట్టి, లేత కొబ్బరి గీకి ఆకులో పెట్టి మాకిచ్చింది. అదీ ఆయనకి పనికిరాదు.