నొప్పి తెలియని కాటు

పాము కరిస్తే చాలాసార్లు మనిషికి తెలుస్తుంది. తేలు కుడితే ఇరుగుపొరుగుకు కూడా తెలుస్తుంది. కందిరీగ, జెర్రి, గండుచీమ, ఏది కుట్టినా మంటో దురదో పుట్టి మనల్ని హెచ్చరిస్తుంది. వీటికి మన పెద్దవాళ్ల దగ్గర ఏదో ఒక ఆకు, ఏదో ఒక పసరు ఉంది. కానీ కరిచినట్టే తెలియనివ్వని పురుగు ఒకటుంది. పలమనేరు చుట్టుపక్కల తండాల్లో, యానాది కాలనీల్లో వానలు పడ్డాక మొదలై చలి తగ్గేదాకా వచ్చే జ్వరాల్లో కొన్నిటికి కారణం అదే. ఆ జ్వరాన్ని డాక్టర్లు స్క్రబ్ టైఫస్ అంటారు. 2025 చివర్లో మన రాష్ట్రంలో పేపర్లన్నీ దీని గురించి రాశాయి. ఎక్కువ కేసులు బయటపడిన జిల్లాల్లో మన చిత్తూరు ముందుంది.

తొలకరిలో ఎర్రని మఖమల్ గుడ్డలా మెరుస్తూ నేలమీద పాకే ఆరుద్ర పురుగు మనందరికీ తెలుసు. అది ఎవరినీ ఏమీ చేయదు. ఈ జ్వరం తెచ్చే పురుగు దానికి దూరపు చుట్టం. పెద్దదయ్యాక ఇది కూడా మనిషి జోలికి రాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగే కరుస్తుంది. దానికి ఆరు కాళ్లు, పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. కంటికి ఆనదు. గడ్డి కొసన, పొద అంచున కూర్చుని ఎలుకో, పందికొక్కో, ఉడుతో పోతుంటే దాన్ని పట్టుకుంటుంది. ఆ దారిన మనిషి పోతే మనిషిని పట్టుకుంటుంది. బట్ట బిగుతుగా ఉండే చోటు, చర్మం మెత్తగా ఉండే చోటు చూసుకుని కరుస్తుంది. దాని ఒంట్లో జబ్బు సూక్ష్మజీవి ఉంటే అది మనలోకి వస్తుంది. ఆ సూక్ష్మజీవి తల్లి పురుగు నుంచి గుడ్లకూ పోతుంది కాబట్టి ఒకసారి ఒక బీడులో చేరిందంటే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

కరిచిన వారం, పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, దగ్గు, వాంతులు. కరిచిన చోట బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. అది నొప్పి పుట్టదు, దురద పెట్టదు. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో, రొమ్ముల కింద, చెవి వెనక ఉంటుంది. అందరికీ ఈ పొక్కు రాదు. వస్తే మాత్రం జబ్బు పేరు అక్కడే రాసిపెట్టినట్టు.

కొన్నేళ్ల కిందట మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇలాగే అయింది. సెలవుల్లో అమ్మతో కలిసి అడవి అంచున కట్టెలకు పోయేది. జ్వరం వస్తే ఊర్లో సూది వేయించారు. తగ్గలేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. ఇంట్లో ఉన్న రెండు మేకలూ అమ్ముడుపోయాయి. ఆయాసం మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడ ఒక నర్సమ్మ తెర అడ్డం పెట్టి ఒళ్లంతా చూసింది. లంగా బొందె కింద నల్లటి పొక్కు కనిపించింది. వాళ్లమ్మ దాన్ని ముందే చూసింది. "బొందె ఒరుసుకోని పుండయిందనుకుంటి అయ్యోరా, అంత చిన్నదాన్ని డాక్టరుకు ఏం చూపిచ్చేది?" అంది నాతో. ఆ పిల్ల బతికింది. మందు సరైనది పడ్డాక రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఆ మందు ఖరీదైనదేం కాదు. డాక్సీసైక్లిన్ మాత్రలు సర్కారు ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. పెన్సిలిన్ జాతి మందులు దీనిమీద పనిచేయవు. అందుకే ఊర్లో ఏదో ఒక సూది వేయించుకుని రోజులు గడపడం ప్రమాదం. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోతుంది. జబ్బు బాగా ముదిరిన వాళ్లకు ఈ రెండు మందులూ కలిపి నరానికి ఎక్కిస్తే ఒక్కదానికంటే మేలని వేలూరు సీఎంసీ డాక్టర్ల నాయకత్వంలో మన దేశంలోనే జరిగిన పరిశోధన 2023లో తేల్చింది. చిత్తూరు దాటితే వేలూరే. అంత చదువు మన పక్కనే పుడుతోంది, కానీ మన గుడిసెదాకా రావడానికే దారి లేదు.

"యానాదోళ్లు ఎలకలు పడతారు, అందుకే వాళ్లకు ఈ రోగాలు" అనే మాట నేను విన్నాను. మీరూ విని ఉంటారు. ఇది మురికి తెచ్చే జబ్బు కాదు, మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన తెల్ల సైనికులను కూడా ఇది పడగొట్టింది. వరి కోసే రైతుకూ వస్తుంది, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసే కూలికీ రావచ్చు. మనకు ముప్పు ఎక్కువన్నది నిజమే. మన ఇళ్లు చెరువు కట్ట కింద, బీడు పక్కన, పొదల అంచున ఉన్నాయి. ఆ చోటు మనం కోరుకున్నది కాదు, ఊరు మనకు మిగిల్చినది. కాలనీ చుట్టూ కంపలు కొట్టించమని, చెత్త ఎత్తించమని పంచాయతీని అడగడం మన హక్కు.

మన చేతిలో ఉన్నవి కొన్ని చేద్దాం. కట్టెలకు, మేకలకు పోయేటప్పుడు చేతులు, కాళ్లు కప్పే బట్టలు, కాళ్లకు చెప్పులో బూట్లో వేసుకుందాం. గడ్డిమీద ఊరికే కూర్చోకుండా, పడుకోకుండా గోనెపట్టా పరుచుకుందాం. ఉతికిన బట్టలు పొదలమీద కాక తీగమీద ఆరేద్దాం. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో వేద్దాం. గింజలు మూతపెట్టి ఎలుకలను ఇంటికి దూరం పెడదాం.

అయ్యవార్లకు ఒక మాట. ఆడపిల్లను ఒంటిమీద పొక్కు ఉందా అని మగవాళ్లం అడగలేం. టీచరమ్మతోనో, ఆశా కార్యకర్తతోనో, తల్లితోనో అడిగించవచ్చు. వానాకాలంలో ఒక పీరియడ్ దీనికి కేటాయించవచ్చు. చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో జ్వరమొస్తే పలమనేరు ఆసుపత్రికి తోడు వెళ్లి, "అడివికి పోయొచ్చినారు సార్, నల్ల పొక్కు ఉంది, స్క్రబ్ టైఫస్ పరీక్ష చేస్తారా?" అని అడగాలి. అక్షరం వచ్చిన మనం ఇంట్లోవాళ్ల తరఫున అడగాల్సిన ప్రశ్న ఇది.