మళ్ళీ చూసిన మాయాబజార్

ఈసారి పాఠ్యపుస్తకాల కొరత గురించి గాని, ఏడాదికేడాది తగ్గుతున్న పిల్లల సంఖ్య గురించి గాని రాయబోవడం లేదు. ఒక సినిమా గురించి రాస్తున్నాను. మీలో చాలామందికి కంఠస్థమైన సినిమాయే అది: 1957 మార్చి 27న విడుదలైన విజయావారి ‘మాయాబజార్’.

నేను దానిని మొదటిసారి చూచినది 1978లో, హోసూరు ప్రాంతంలోని మా ఊరి టెంటు కొట్టాయిలో. అప్పటికి నాకు పదేళ్ళు. అవ్వ కొంగు పట్టుకొని నేల టిక్కెట్టుకు వెళ్ళి, ముందువారి తలలు అడ్డురాకుండా ఇసుకను కుప్పగా పోసుకొని దానిమీద కూర్చున్నాను. ఆ రాత్రి నాకు కనబడినవాడు ఘటోత్కచుడొక్కడే. ఎస్.వి. రంగారావు గారు పెళ్ళివారి వంటకాలన్నీ ఒక్కరే ఆరగిస్తుంటే కొట్టాయి అంతా నవ్వులే. చివర శశిరేఖాభిమన్యుల పెళ్ళి జరిగి, తెరమీద అందరూ సంతోషంగా ఉన్నవేళ అవ్వ కళ్ళు తుడుచుకుంటున్నది. బీడీల పొగ వలన కాబోలు అనుకున్నాను.

తరువాత టీవీలో ముక్కలు ముక్కలుగా ఎన్నోసార్లు చూశాను గాని, మొదటి నుండి చివరి వరకు కదలకుండా చూచినది మళ్ళీ ఈ సంక్రాంతికే. బెంగుళూరు నుండి వచ్చిన మా అబ్బాయి, నేను కలిసి చూశాము. 2010లో వచ్చిన రంగుల ప్రతి పెడతానన్నాడు వాడు. నేను వద్దన్నాను. మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపులలో సృష్టించిన ఆ వెన్నెలకు రంగు పూయవలసిన అవసరం నాకైతే ఎన్నడూ కనబడలేదు. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చును.

ముప్పై యేళ్ళుగా తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి గనుక నా కళ్ళు ఈసారి ఘటోత్కచుని ఆశ్రమంలోని చదువు దగ్గర నిలిచిపోయాయి. చిన్నమయ్య శిష్యులకు ‘అస్మదీయులు’ అన్న మాట నోరు తిరగదు. అది ‘అసమదీయులు’ అవుతుంది. దానికి ఎదురుగా ‘తసమదీయులు’ అన్న మరో మాట పుడుతుంది. మన బడిలో అయితే ఏమి జరుగుతుంది? ఎర్ర సిరాతో రెండు గీతలు, ఒక మార్కు కోత. అక్కడ ఏలిక వచ్చి, మాట పుట్టించినందుకు వీరతాడు వేయిస్తాడు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు తప్పులు దిద్దడం గురించి బోధించిన వారెవరూ ఈ పద్ధతి చెప్పినట్లు గుర్తు లేదు!

పింగళి నాగేంద్రరావు గారి చమత్కారం ‘గింబళి’లో ఇంకా బాగా తెలుస్తుంది. పుస్తకం గిస్తకం, పులి గిలి అని మనం రోజూ అనే జంటమాటలలో రెండవదానికి సొంత అర్థం ఉండదు. ఆయన దానికి ప్రాణం పోసి ఒక వస్తువునే చేశారు. కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం. వాటిమీద పడుకోబోయిన శాస్త్రి, శర్మల అవస్థ మీకు తెలిసినదే. ఒకసారి మా ఎనిమిదవ తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు, ఇంట్లో తమిళమే వినే పిల్లలకు కూడా విప్పి చెప్పవలసిన పని పడలేదు. తమిళంలోనూ పులికి జంట కిలియే కదా. కన్నడం వచ్చిన పిల్లలు తమ మాటలు తాము చెప్పారు. ఆ వేళ వ్యాకరణం పాఠమని ఎవరికీ అనిపించలేదు.

ఈ సినిమా మన మదరాసులో, వాహినీ స్టూడియోలో పుట్టినదేనన్న సంగతి మా పిల్లలకు గర్వంగా చెబుతుంటాను. అదే యేడు తమిళంలోనూ వచ్చింది. అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. సావిత్రి గారు మాత్రం రెండింటా ఉన్నారు. అయితే తమిళంలో ఆమె శశిరేఖ కాదు, వత్సల. వ్యాసభారతంలో శశిరేఖా లేదు, వత్సలా లేదు. జనం కల్పించుకున్న పిల్ల, ఏ ఊరికి ఆ ఊరి పేరు పెట్టుకున్నారు.

పెళ్ళి ఘట్టం వచ్చింది. మా అబ్బాయి నవ్వుతూ చూస్తున్నాడు. నాకు గొంతు పట్టేసింది. కురుక్షేత్రంలో పదమూడవనాడు అభిమన్యుడు పోతాడు, పద్నాలుగవనాటి రాత్రి ఘటోత్కచుడు పోతాడు. వధువు తరఫున అల్లరి చేసినవాడు, వరుడు, ఇద్దరూ అంతే. సినిమా ఆ మాట ఎత్తదు. భారతం పురాణకాలక్షేపంలో విన్న మా అవ్వకు ఎవరూ ఎత్తనక్కరలేదు. ఆమె చదువుకోలేదు, సంతకానికి వేలిముద్ర వేసేది. మా వాడు ఇంజనీరు. “తరువాత ఏమవుతుంది నాన్నా?” అని అడిగాడు.

చెప్పాను. చెబుతున్నంతసేపూ శకుని ఎక్కిన సత్యపీఠమే నా కళ్ళముందు ఉన్నది. ఎక్కినవాడు దాచుకున్నదంతా కక్కుతాడు కదా, నేనూ కక్కుతాను. మన సభలలో మాట్లాడేటప్పుడు 2006 నాటి తమిళ అభ్యసన చట్టాన్ని తప్పకుండా తలుస్తాము. ఒకటవ తరగతి నుండి మొదలై అది పై తరగతులకు ఎక్కుతూ వచ్చిన కొద్దీ మన పిల్లలు పడిన ఇబ్బంది అబద్ధం కాదు. కాని మా అబ్బాయి ఆ యేటికే మూడవ తరగతిలో ఉన్నాడు. ఆ చట్టం వాణ్ణి తాకనే లేదు. వాణ్ణి తెలుగు లేని బడిలో చేర్చినవాణ్ణి నేను. నేను పాఠం చెప్పే బడి మా ఇంటికి నడక దూరంలోనే ఉండేది. ఇతరుల ఇళ్ళకు వెళ్ళి, మీ పిల్లలను తెలుగుకు పంపండి అని అడిగి, సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చి వాడి చేత ఇంగ్లీషు పద్యాలు అప్పజెప్పించుకునేవాణ్ణి. ఒక తల్లి ముఖం మీదే అడిగింది, “సారూ, మీ పిల్లోడు యాడ సదువుతాండాడు?” అని. నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగినది కాదు.

ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనబడుతుంది. చిన్నప్పుడు రేవతీదేవికి నగలు కనబడినందుకు ఆమెను తిట్టుకున్నాను. ఆ పేటికలో నాకు ఆ రోజుల్లో మా వాడి ఉద్యోగం తప్ప మరొకటి కనబడి ఉండదు. ఉద్యోగం వచ్చింది, అది మంచిదే, కాదనను.

సినిమా అయిపోయాక వాడు మొదటికి పోయి, పేర్లు వచ్చేచోట ఆపాడు. “ఇవి చదవడం నాకు రాదు కదా, నువ్వు చదువు” అన్నాడు. కొన్ని చదివాను. అంతలో వాడే ఒక పేరుమీద వేలు పెట్టి, నా వంక చూడకుండా, కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. “గం... ట... సా... ల.” ఒత్తు పలకలేదు. నేను దిద్దలేదు.