మళ్ళీ తేలిన మరక

ఇంట్లో తివాచీ ఉండడం ఐశ్వర్యానికి గుర్తని పూర్వం అనుకొనేవారు. నా అనుభవంలో మాత్రం అది చంటిపిల్లవాణ్ణి సాకడంతో సమానం. తడి నిలవకూడదు, ఎండ మితిమీరకూడదు, పురుగు పట్టకూడదు. ఇన్ని జాగ్రత్తలూ పడి, డబ్బిచ్చి శుభ్రం చేయించిన మూడోనాడే అది మన పరువు తీస్తుంది. గత శ్రావణమాసంలో నా పరువు ఎలా పోయినదీ మనవి చేస్తాను. తప్పెవరిదో మీరే చెబుదురు గాని.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో, నగర కేంద్ర గ్రంథాలయానికి కూతవేటు దూరంలో ఉన్నది. రెండు పడకగదుల వాటా. ముందుగదిలో ఒక దివాను, నాలుగు కుర్చీలు, నా పుస్తకాల బీరువా, వాటన్నిటి మధ్య తివాచీ. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక గ్రంథాలలో 'రత్నకంబళం' అన్న మాట కనబడినప్పుడల్లా నాకు ఆ తివాచీయే కళ్ళముందు మెదులుతుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు; ముదురెరుపు మీద నీలిపూలు. పడుగూ పేకా నూలు, పైన కుచ్చంతా ఉన్ని. హనుమకొండలో ఉపాధ్యాయులుగా పనిచేసిన మా నాన్నగారు 1979లో వరంగల్లులో ఒక నేతగాని దగ్గర వాయిదాల మీద కొన్నారట. వరంగల్లు తివాచీ అంటే సామాన్యమైనది కాదు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనంలో పదిమందీ చూసి మెచ్చుకొన్న సరుకు. అక్కడ నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే మా ఇంట్లో దాని గౌరవం వేరు. నాన్నగారు దాని మీదనే బాసింపట్టు వేసుకొని కూర్చొని ముప్ఫై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దారు. ఆయన పోయి ఐదేళ్ళయింది.

వరలక్ష్మీ వ్రతానికి బంధువులు వస్తున్నారనగా, "ఏమండీ, ఈ తివాచీ మీద కాలు పెట్టాలంటే నాకే మొగమాటంగా ఉంది, వచ్చిన ముత్తైదువులను ఎట్లా కూర్చోబెట్టను?" అన్నది మా ఆవిడ. న్యాయమైన మాటే. నారాయణగూడలో ఇటువంటి పనులు చేసిపెట్టే దుకాణమొకటి ఉంది. పేరు మనకు అనవసరం. వెయ్యి రూపాయలకు బేరం కుదిరింది.

మంగళవారం ఉదయం ఒక కుర్రవాడు యంత్రం మోసుకొని నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చాడు. నీళ్ళు చిమ్మి మళ్ళీ తానే పీల్చుకొనే యంత్రమది. మొదలుపెట్టే ముందు అతడు అడిగాడు: "సార్, దీని మీద ఎప్పుడన్నా చాయో పాలో ఒలికినయా? చెప్తే ఆ జాగకు వేరే మందు వేస్త."

ఒలికాయి. నాకు తెలుసు. 2003లో, నేను ఎమ్మే చదువుతున్న రోజుల్లో, హనుమకొండ ఇంట్లో ఒక మూల నిండు గ్లాసు తేనీరు నా చేతిలోనుంచే ఒలికింది. నాన్నగారు చూస్తారన్న భయంతో స్నానపు సబ్బు పెట్టి రుద్ది, ఎవరికీ చెప్పకుండా ఊరుకొన్నాను. ఇరవయ్యేళ్ళ నాటి ఆ సంగతి ఇప్పుడు మా ఆవిడ ఎదుట, కూతురి ఎదుట ఎందుకని, "అబ్బే, అటువంటివేమీ లేవు" అన్నాను.

పని శ్రద్ధగానే చేశాడు. మాటల్లో తెలిసింది, మహబూబాబాదు వైపు పల్లెటూరట. గ్రూప్-1కు చదువుకొంటూ, పూట గడవడానికి ఈ పని చేస్తున్నాడట. మిగతా వేళంతా మన గ్రంథాలయంలోనే. వెళుతూ మరీ మరీ చెప్పాడు: "రేపు సాయంత్రం దాక ఫ్యాను ఆపొద్దు సార్. మీద ఏం పెట్టొద్దు. వానలు పడుతున్నయి గదా, ఇంకో పూట ఎక్కువైనా మంచిదే."

తలూపాను. ఆ సాయంత్రం వాన పట్టుకొంది. కిటికీలు మూశాం. ఇంట్లో తిరిగే కాళ్ళకు మళ్ళీ మాసిపోతుందేమోనని నేనే ఒక ప్లాస్టిక్ షీటు తెచ్చి తివాచీ మీద కప్పాను. దివాను యథాస్థానానికి జరిపాను. ఫ్యాను అనవసరంగా తిరుగుతున్నదని ఆపింది కూడా నేనే. పొదుపులో నన్ను మించినవాడు లేడు.

గురువారం ఉదయం వ్రతానికి చోటు చేయడానికి దివాను జరిపి, షీటు తీశాను. తడిసిన గొర్రె వాసన గుప్పున కొట్టింది. చెయ్యి పెడితే జిగట. మధ్యలో అలలు లేచినట్టు ముడతలు. కంగారుగా ఫ్యాను వేశాను. మధ్యాహ్నం కాలేజీనుంచి వచ్చేసరికి, దివాను కాలు ఉండే మూల, భోజనం పళ్ళెమంత గోధుమరంగు మరక తేలి నన్ను చూస్తున్నది.

"శుభ్రం చేయించక ముందు ఇది లేదు కదండీ?" అన్నది మా ఆవిడ.

లేదు. అంతే, నాకు కోపం వచ్చింది. తప్పు మనదయినప్పుడు వచ్చే కోపానికి బలమెక్కువ. గొడుగు పట్టుకొని నారాయణగూడ దాకా నడిచివెళ్ళి, దుకాణం యజమానితో తరగతిలో మాట్లాడే గొంతుతో మాట్లాడాను. వెనుక బల్ల వరకూ వినబడే గొంతు అది. ఇద్దరు ఖాతాదారులు, ముగ్గురు పనివాళ్ళు విన్నారు. యజమాని వాదించలేదు. ఐదువందలు నా చేతిలో పెట్టి, "పోరని లెక్కలోంచి పట్టుకుంట సార్, మీరు ఫికర్ చేయకండి" అన్నాడు. 'లెక్కలోంచి' అన్న మాట నా చెవిలో పడింది. పడనట్టు నటించి, జయించినవాడిలా ఇంటికి వచ్చాను.

మరునాడు వ్రతం బాగానే జరిగింది. మరక మీద పీట వేశాం. సాయంత్రం అందరూ వెళ్ళాక పీట తీస్తుంటే, గోడవార కూర్చొన్న మా అమ్మ అటే చూస్తూ మెల్లగా అన్నది: "అది నువ్వు చాయ్ పారబోసిన జాగనే కదరా."

నిర్ఘాంతపోయాను. "నీకెట్లా తెలుసమ్మా?"

"నాకే కాదు, మీ నాన్నకూ తెలుసు. నువ్వు పండుకున్నంక లేచి చూసిండు. సబ్బు పెట్టి పాడుచేసిండు పిచ్చోడు, అని నవ్విండు. నువ్వు చిన్నబోతవని మంచం ఆయనే అటు జరిపిండు."

మంచం అటు ఎందుకు జరిగిందని నేను ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. హైదరాబాదు వచ్చాక ఆ మంచం స్థానంలో దివాను వచ్చింది, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా మరకను నాన్నగారు నా పరువు కోసం కప్పిపెట్టారు. అదే మరకను నేను తీసుకువెళ్ళి ఒక పేదవిద్యార్థి జీతం మీద వేశాను.

శనివారం చిక్కడపల్లికి వెళ్ళాను. త్యాగరాయ గానసభకు దగ్గరలో మా కళాశాల రసాయనశాస్త్రం లెక్చరరు ఉంటారు. సంగతంతా విని ఆయన దేవుడిగదిలో వెలుగుతున్న దీపం చూపించారు.

"నూనె అడుగున ఉంది, మంట పైన ఉంది. నూనెను పైకి తెచ్చేదెవరు? వత్తి. మీ తివాచీ కుచ్చులో ప్రతి పోగూ ఒక వత్తే. కొసల దగ్గర తడి ఆవిరవుతున్నకొద్దీ అడుగు తడి పైకి ఎక్కుతుంది. ఎక్కుతూ, అడుగున దాగిన పాత చక్కెరనూ తేనీటి రంగునూ మోసుకొని వస్తుంది. నీరు గాలిలో కలిసిపోతుంది, మోసుకొచ్చినది కొసన మిగిలిపోతుంది. దానికి తోడు నూలు చాలాసేపు తడిగా ఉంటే తానూ కొంత గోధుమరంగు వదులుతుంది; సబ్బులోని క్షారం దానికి ఊతం. అది సరే, మీరు ఎంతసేపు ఆరనిచ్చారు?"

ప్లాస్టిక్ షీటు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. జిగటకు కారణం మిగిలిపోయిన సబ్బట. అది దుమ్మును పట్టుకొంటుంది గనుక, సరిగా జాడించని తివాచీ కడగనిదానికన్నా త్వరగా మాస్తుంది. తడిసిన నూలు బిగుసుకోవడం వల్ల ముడతలు లేస్తాయి. బాగా ఆరితే చాలావరకు వాటంతట అవే సర్దుకొంటాయి. ఉన్ని వాసన ఆరితే పోతుంది. ఆరిన తరువాత కూడా ముక్కిన వాసన వస్తుంటే అడుగున బూజు పట్టిందేమోనని తిరగేసి చూడాలి.

తిరిగి వస్తూ గ్రంథాలయంలోకి వెళ్ళాను. అక్కడి సాయంకాలాలు మీలో చాలామంది చూసే ఉంటారు. కుర్చీ దొరకనివారు మెట్ల మీద, చెట్టు కింద, ఒళ్ళో పుస్తకం పెట్టుకొని ఉంటారు. మన కుర్రవాడు ప్రహరీగోడ పక్కన కనబడ్డాడు. నన్ను చూసి లేచి నిలుచున్నాడు. ఆ లేవడం చూసి నాకు సిగ్గు వేసింది.

పక్కన కూర్చొని మాట్లాడాను. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ వ్రాశాడట. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కడంతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్ళీ వ్రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. ఎవరో చేసిన తప్పులకు రెండుసార్లు శిక్ష అనుభవించినవాడికి మూడోది నేను వేశాను.

జరిగింది చెప్పి ఐదువందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"పైసలు కాదు సార్. పని రాదని అందరి ముందు అన్నరట గదా. అది జెర ఓనరుకు చెప్పండి."

అంతకంటె వెయ్యి రూపాయలు అడిగినా నాకు సుఖంగా ఉండేది. అయినా వెళ్ళాను. అదే దుకాణం, అదే బల్ల ముందు నిలబడి, అదే ముగ్గురు పనివాళ్ళు వింటుండగా, మరక నాదేననీ, అడిగినప్పుడు దాచాననీ, చెప్పినట్టు ఆరనివ్వలేదనీ చెప్పి, ఐదువందలు బల్ల మీద పెట్టాను. ఈసారి గొంతు వెనుక బల్లదాకా వెళ్ళిందో లేదో నాకు తెలియదు. యజమాని కాసేపు చూసి, "ఛాయ్ తాగుతరా సార్?" అన్నాడు. ఇంకెక్కడి చాయ్, అనుకొన్నాను.

ఆదివారం కుర్రవాడు తానే వచ్చాడు, యంత్రం లేకుండా. ముందుగా తడిపిన తెల్లగుడ్డతో ఒక కొస అద్ది, ఎరుపు దిగడం లేదని చూపించాడు. రంగు దిగితే అక్కడితో ఆపవలసిందేనట. గ్లాసెడు నీళ్ళలో చెంచాడు సిర్కా కలిపి మరక మీద పలుచగా చల్లి, రుద్దకుండా అద్దాడు. తరువాత మామూలు నీళ్ళు చల్లి మళ్ళీ అద్దాడు. పైన పొడి తెల్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, "దీని మీద బరువు పెట్టాలె సార్. రాత్రంత ఉంటే పైకొచ్చే మరక తివాచీ కొసన ఆగకుండ తువ్వాలులోకి పోతది" అన్నాడు.

మా ఇంట్లో బరువైన వస్తువులు పుస్తకాలే. తువ్వాలు మీద స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలూ పేర్చాను. "ఇన్నాళ్ళకు వీటితో ఇంటికి ఒక ఉపయోగం కలిగింది" అన్నది మా ఆవిడ. చుట్టూ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఈసారి ఆపలేదు.

తెల్లవారి తీసిచూస్తే తువ్వాలు మీద పలుచని తేనీటి రంగు దిగి ఉంది. మూడు రాత్రులు అలాగే చేశాం. మూడోనాటికి తువ్వాలు తెల్లగానే వచ్చింది. తివాచీ మీద మాత్రం వెతికితే కనబడేటంత నీడ మిగిలింది. జిగట పోయింది, ముడతలు సర్దుకొన్నాయి.

ఆ కుర్రవాడు ఇప్పటికీ ఆదివారాలు మా ఇంటికి వస్తాడు. తెలుగు వ్యాసం వ్రాసి తెచ్చి నా ముందు పెడతాడు. తివాచీ మీదే కూర్చొని దిద్దుతాను. దివానును ఆ మూలనుంచి తీసివేశాము. మరక నీడ అక్కడే ఉంది. మొన్న మా అమ్మాయి అది ఏమిటని అడిగింది. చాయ్ ఒలికిందని చెప్పాను. ఎవరు ఒలికించారని అడిగింది. అదీ చెప్పాను.